పరీక్ష ముందు రోజు

మనలో ఒక చిత్రమైన అలవాటు ఉంది, గమనించారా? గర్భసంచి ఆపరేషన్ సంగతి పెళ్ళి పందిట్లో కూర్చుని కుట్ల లెక్కతో సహా చెప్పుకుంటాం. షుగరు ఎంతుందో, థైరాయిడ్ మాత్ర ఎన్ని మైక్రోగ్రాములో కూరగాయల బండి దగ్గర నిలబడి మాట్లాడుకుంటాం. కానీ కొలనోస్కోపీ అన్న మాట వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గిపోతుంది. "ఏదో కడుపులో టెస్టులెండి" అని దాటేస్తాం. పైకి చెప్పుకునే భయానికి పక్కింటావిడ ధైర్యం చెబుతుంది. చెప్పుకోలేని భయం మాత్రం రాత్రిపూట మనతోనే పడుకుంటుంది.

అంచేత ఈసారి ఆ మాటే మీతో పైకి చెబుతున్నాను. పోయినేడు నాకు ఆ పరీక్ష జరిగింది. చేయించుకోవాల్సి రాబోతున్న వాళ్ళు మీలో కొందరైనా ఉంటారు, లేదా మీ అత్తగారో, మీవారో ఉంటారు. ఇంట్లో ఎవరికి జరిగినా దాని ఏర్పాట్లు మన చేతిమీదుగానే కదా జరగాలి!

ముందు నాకెందుకు అవసరమైందో చెప్పాలి. మా అక్కకి 52వ ఏట పెద్దపేగులో కాన్సర్ బయటపడింది. అంతకు ముందు ఏడాదిగా అప్పుడప్పుడూ రక్తం పడుతూనే ఉంది. మొలలు అనుకుంది పాపం. కరక్కాయ పొడి, మజ్జిగ, వేడి చేసే వస్తువులు మానడం, ఇలా తనకు తెలిసిన వైద్యమంతా చేసుకుంది. బావగారికి కూడా చెప్పలేదు. చివరికి నీరసానికి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7 దగ్గర ఉంది. అప్పుడు మొదలైంది డాక్టర్ల చుట్టూ తిరగడం. ఆపరేషన్, తరువాత ఆరు నెలల కీమోథెరపీ. ఇప్పుడు అక్క బాగానే ఉంది, దేవుడి దయ. అయితే ఆ డాక్టరుగారు అక్కని పంపేస్తూ ఒక మాటన్నారు. "మీ తోడబుట్టిన వాళ్ళకి కూడా పరీక్ష చేయించండి. అమ్మకో, నాన్నకో, అక్కకో, అన్నకో ఇది వచ్చిన ఇంట్లో మిగతావాళ్ళు 40 ఏళ్ళకే చేయించుకోవాలి. లేదంటే రోగం వచ్చినవాళ్ళ వయసులోంచి పదేళ్ళు తీసేసిన వయసుకి, ఏది ముందైతే అప్పుడు."

నాకప్పటికి 46. అన్నయ్యకి 49. అన్నయ్య వెంటనే "నాకేం లేదు, గుండ్రాయిలా ఉన్నాను" అన్నాడు. మగవాళ్ళ సంగతి మీకు తెలిసిందేగా. నేను మాత్రం తారీఖు తీసుకున్నాను. తీసుకున్నానే గానీ, ఆ కాగితం ఇంటికి తెచ్చాక పది రోజులు నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

ఇంతకీ ఏమిటీ పరీక్ష? చిటికెన వేలంత లావు, బాగా వంగే గొట్టం. దాని చివర దీపం, చిన్న కెమెరా. మలద్వారం గుండా పెద్దపేగులోకి పంపి, అయిదడుగుల పేగూ లోపలి గోడలు టీవీ తెరమీద చూస్తారు. గొట్టంలోంచే సన్నటి తీగ పంపి, లోపల పులిపిరిలాంటి పెరుగుదలలు ఉంటే అక్కడికక్కడే కోసి తీసేస్తారు. వీటిని పాలిప్స్ అంటారు. పెద్దపేగు కాన్సర్‌లో ఎక్కువ భాగం ఇలాంటి పాలిప్‌గానే మొదలై, కాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళ దాకా తీసుకుంటుందట. అంటే ఇది రోగం ఉందా లేదా అని చూసే పరీక్షే కాదు, రోగం రాకుండా చేసే పని కూడా. 1969లో న్యూయార్క్‌లో విలియం ఉల్ఫ్, హిరోమి షిన్యా అనే ఇద్దరు డాక్టర్లు కడుపు కోయకుండా ఇలా పాలిప్ తీయడం మొదలుపెట్టారు. అంతకుముందైతే పేగు పైభాగంలో ఉన్న పాలిప్‌కి పొట్ట కోయాల్సిందే.

ఇక భయాల సంగతి. నా భయం ఒకటే ముద్దలా ఉండేది. ఒకరోజు పప్పు ఏరుతూ కూర్చుని దాన్నీ ఏరాను. ఏమిటి నాకు భయం? చూస్తే నాలుగున్నాయి. సిగ్గు ఒకటి, నొప్పి ఒకటి, ఆ మందు తాగడం ఒకటి, చివరిది ఏం బయటపడుతుందోనని. నాలుగింటికీ ఒకే మందు లేదు సుమండీ. విడదీస్తే మొదటి మూడింటికీ ఏదో ఒక ఉపాయం దొరుకుతుంది.

సిగ్గు సంగతి ముందు. నేను ఆసుపత్రికి ఫోను చేసి మూడు ప్రశ్నలడిగాను. లోపల ఆడ నర్సు ఉంటుందా? ఏం బట్టలిస్తారు? ఆడ డాక్టరు కావాలంటే దొరుకుతారా? ఫోనులో ఉన్న అమ్మాయి ఏమాత్రం విసుక్కోకుండా చెప్పింది, రోజూ ఇవే అడుగుతారట! నర్సు తప్పకుండా ఉంటుంది. వెనక వైపు చీలిక ఉన్న పైజామా ఇస్తారు, దానిమీద దుప్పటి కప్పుతారు. కావలసినంత మేరకే తెరుచుకుంటుంది. ఆడ డాక్టరు కావాలంటే రెండు వారాలు ఆగాలి అంది. నేను ఆగలేదు. మీకు ఆగాలనిపిస్తే ఆగండి, అడగడానికి మాత్రం మొహమాటపడకండి. ఆ రోజుల్లో నెలసరి వస్తుందేమోనన్నది ఇంకో బెంగ. వచ్చినా పరీక్షకి అడ్డం లేదట, నర్సుకి చెబితే చాలు.

అమెరికాలో కేటీ కౌరిక్ అని పేరున్న టీవీ యాంకర్ ఉన్నారు. ఆవిడ భర్త 1998లో 42 ఏళ్ళకే ఈ కాన్సర్‌తో పోయారు. 2000 మార్చిలో ఆవిడ తన కొలనోస్కోపీని దేశమంతా చూసే ఉదయం కార్యక్రమంలో చూపించారు. ఆ తరువాతి నెలల్లో పరీక్ష చేయించుకునేవాళ్ళు సుమారు 20 శాతం పెరిగారని 2003లో ఒక అధ్యయనం వచ్చింది. అంతమంది ముందు ఆవిడ పడుకోగా లేనిది, ఒక డాక్టరు, ఒక నర్సు ముందు నేను పడుకోలేనా అనుకున్నాను.

నొప్పి భయం ఎక్కణ్ణించి వస్తుందంటే, పదిమంది చెప్పే కథల్లోంచి. "మా తోడికోడలి తమ్ముడికి ప్రాణం పోయినంత పనైందట" అని ఒకావిడ మా గుమ్మంలో నిలబడి చెప్పిపోయింది. ఇలాంటి కథల మీద నిజంగానే పరిశోధన జరిగింది. కెనడా డాక్టరు డొనాల్డ్ రెడెల్‌మయర్, తరువాత 2002లో నోబెల్ బహుమతి అందుకున్న డేనియల్ కానెమన్ కలిసి 1996లో ప్రచురించారు. పరీక్ష జరుగుతుండగా రోగుల్ని నిమిష నిమిషానికీ నొప్పి ఎంతుందో అడిగి రాసుకున్నారు, అయ్యాక మళ్ళీ మొత్తంమీద ఎలా ఉందని అడిగారు. ఎంతసేపు జరిగిందన్నది మనసులో లెక్కకే రాలేదు. అన్నిటికన్నా బాధపెట్టిన క్షణం, చివరి కొద్ది నిమిషాలు, ఈ రెండే గుర్తున్నాయి. అంటే మనకి కథ చెప్పేవాళ్ళు అరగంటలోంచి ఒక్క క్షణం ఏరి తెచ్చి చెబుతున్నారన్నమాట. పైగా ఇప్పుడు చాలాచోట్ల నిద్రమత్తు ఇంజెక్షన్ ఇచ్చే చేస్తున్నారు. ఇస్తారా లేదా, దానికి వేరే డబ్బు కట్టాలా అన్నది ముందే కనుక్కోండి. సిజేరియన్ అయినవాళ్ళు, గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. లోపల అతుకులుంటే గొట్టం తిప్పడం కొంచెం కష్టమవుతుంది, తెలిస్తే వాళ్ళు జాగ్రత్తగా నడుపుతారు.

వాడే మందులన్నీ చీటీ మీద రాసి తీసుకెళ్ళండి. రక్తం పలచబడే మాత్రలు, షుగరు మాత్రలు, ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు ఏదీ మానకూడదు, మానకుండా ఉండకూడదు, డాక్టరు ఎలా చెబితే అలా. ఐరన్ మాత్రలు మాత్రం వారం ముందు ఆపమన్నారు నన్ను. అవి పేగు గోడకి నల్లగా అంటుకుంటాయట.

ఇక మన రాజ్యంలోకి వద్దాం, అదే వంటింట్లోకి. పరీక్ష మూడు రోజులుందనగా పీచు, గింజ, తొక్క ఉన్నవన్నీ మానాలి. చదవడానికి ఒక వాక్యమే. తీరా పొయ్యి దగ్గర నిలబడితే తెలుస్తుంది, మన తిండిలో అవి లేనిదేమిటీ అని! తోటకూర, గోంగూర లేవు. వంకాయ, బెండకాయ, టమాటా గింజలు లేవు. కొబ్బరి పచ్చడి లేదు, నువ్వుల పొడి లేదు. జామకాయ సరేసరి. జొన్నరొట్టె, రాగిసంకటి, పొట్టుపప్పు లేవు. అన్నిటికన్నా మనం మరిచిపోయేది తాలింపు. ఆవాలు, జీలకర్ర అరగకుండా వెళ్ళి గొట్టానికి అడ్డం పడతాయి. "ఏమిటీ రోగిష్టి వంట" అని మా అత్తగారు సణిగినా, ఆ మూడు రోజులూ నా గిన్నె వేరు పెట్టుకున్నాను. తెల్లన్నం మెత్తగా, పెరుగు, తొక్క తీసి ఉడికించి ఉప్పు, నెయ్యి వేసి మెదిపిన బంగాళదుంప, ఉత్త ఇడ్లీ, కోడిగుడ్డు. పసిపిల్లకి పెట్టే తిండి అనుకోండి. బాగానే ఉంటుంది, నిజానికి నాకు ఇంకో రెండు రోజులు తినాలనిపించింది.

ముందు రోజు మాత్రం నమిలేది ఏమీ లేదు. గ్లాసులో పోసి చూస్తే అవతలి వైపు కనిపించే ద్రవాలే తాగాలి. కొబ్బరినీళ్ళు, వడకట్టిన నిమ్మరసం ఉప్పూ పంచదార కలిపి, పాలు లేని టీ, వడకట్టిన ఆపిల్ రసం. మిరియాల చారు కాచి, గుడ్డలో వడకట్టి తేట తీసుకున్నాను. పొద్దున్నించీ తీపి తాగి తాగి మొహం మొత్తినప్పుడు ఆ చారు అమృతం! పాలు వద్దు. బీట్‌రూట్, నల్లద్రాక్ష రసాలు వద్దు, ఆ ఎరుపు లోపల రక్తంలా కనబడి డాక్టర్ని తికమక పెడుతుంది.

మాది తెనాలి, పరీక్ష విజయవాడలో. మందు తాగి బస్సెక్కే పని కాదు కనుక ముందు రోజు పొద్దున్నే అక్క ఇంటికి చేరాను. మీ ఊరు దూరమైతే ఇది మొట్టమొదట ఆలోచించుకోవాల్సిన విషయం. ఎక్కడ ఉంటారు, ఆ ఇంట్లో మరుగుదొడ్డి మీకు ఖాళీగా దొరుకుతుందా? కొన్ని ఆసుపత్రుల్లో ముందు రోజే చేర్చుకుని అక్కడే తాగిస్తారు, అడిగి చూడండి.

మందంటే పొడి. రెండు లీటర్ల నీళ్ళలో కలపాలి. సాయంత్రం ఆరింటికి ఒక లీటరు, మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి ఇంకో లీటరు. ఇలా రెండు భాగాలుగా తాగితే పేగు బాగా శుభ్రపడుతుందట. పరీక్ష పదింటికి కనుక నాకా వేళలు, మీ వేళలు మీ కాగితం మీద ఉంటాయి. రుచి ఏమిటంటే, ఉప్పు ఎక్కువైన నిమ్మకాయ షరబత్తు. మొదటి గ్లాసు ఫరవాలేదు. మూడో గ్లాసుకి వికారం.

ఇక్కడ అక్కే నా గురువు. ముందే కలిపి ఫ్రిజ్‌లో పెట్టించింది, చల్లగా ఉంటే రుచి అంతగా తెలీదు. స్ట్రా వేసి నాలుక వెనక్కి పెట్టి పీల్చమంది. గ్లాసు గ్లాసుకీ మధ్య పావుగంట, ఆ మధ్యలో నిమ్మచెక్క నాకమంది. వాంతి వచ్చేలా ఉంటే పది నిమిషాలు ఆగి అటూ ఇటూ నడవమంది. మరుగుదొడ్లో బకెట్ నిండా గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి పాత నూలు గుడ్డలు, కొబ్బరినూనె సీసా పెట్టింది. మొదటినుంచే నూనె రాసుకోవాలి, మంట పుట్టాక కాదు. నాడాలూ, మడతలూ లేని వదులు నైటీ వేసుకోమంది. గంట తరువాత ఆ సలహా ఎంత గొప్పదో అర్థమైంది.

గంటకి మొదలైంది. ఇహ దాన్ని వర్ణించను లెండి, వంటల పేజీ పక్కనే ఉంది. పదీ పన్నెండుసార్లు తిరిగాను. పొట్టలో ప్రవాహమే తప్ప నొప్పి పెద్దగా లేదు. చివరికి లేత పసుపు రంగు తేటనీళ్ళు రావాలి, అదే పని పూర్తయిన గుర్తు. తెల్లారుజామున అక్క తలుపు అవతల పీట వేసుకు కూర్చుని "ఏ రంగే?" అని అడగడం, నేను లోపల్నించి "పలచటి టీ!", "మిరియాల చారు!", "కొబ్బరినీళ్ళు!" అని చెప్పడం. ఇద్దరం పగలబడి నవ్వాం. బావగారు లేచొచ్చి ఏమిటీ గోల అన్నారు. ఏడాది క్రితం ఇదే అక్క ఇదే మరుగుదొడ్లో తలుపేసుకుని ఒక్కతే రక్తం చూసుకుంది. ఆ మాట నాకప్పుడు గుర్తొచ్చింది, దానికీ గుర్తొచ్చిందనుకుంటాను. నవ్వు ఆపి "ఇంకో గ్లాసు తాగు" అంది.

మీరు కూడా ఆ రాత్రి ఒక్కరే ఉండకండి. నీరసానికి కళ్ళు తిరిగే అవకాశం ఉంది, తలుపు గడియ పెట్టుకోకూడదు.

ఆసుపత్రిలో నగలన్నీ తీసేయమన్నారు, మంగళసూత్రాలతో సహా. లోపల పాలిప్ కోయడానికి కరెంటు వాడాల్సి వస్తుందట. అక్క ముందే పసుపుకొమ్ము కట్టిన దారం తెచ్చింది. అది మెళ్ళో వేసి, సూత్రాలు తన పర్సులో దాచింది. గోళ్ళ రంగు ఉంటే ఇంట్లోనే తీసేయండి, వేలికి క్లిప్పు పెడతారు.

లోపల చల్లగా ఉంది. ఎడమ వైపు తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకోవాలి. గుండె దడదడలాడింది, ఎందుకు దాచాలి. నర్సమ్మ నా భుజం మీద చెయ్యి వేసి ఊపిరి మెల్లగా వదలమంది. పీల్చడం కాదు, వదలడం మీద ధ్యాస పెట్టమంది. నిజంగా పనిచేసింది. మత్తు ఎక్కుతుండగా మనసులో లలితా సహస్రనామం మొదలుపెట్టాను. నాలుగో నామం దాకా వచ్చినట్టు గుర్తు. తరువాత ఎవరో "అయిపోయిందమ్మా" అంటున్నారు. గడియారం చూస్తే అరగంట దాటింది. ఇంత భయపడింది దీనికోసమా అనిపించి ఏడుపొచ్చింది, మత్తు వల్ల కూడా కావచ్చు.

పేగు విప్పారడానికి లోపలికి గాలి పంపుతారు, కాబట్టి అయ్యాక పొట్ట ఉబ్బి గ్యాసు పోతుంది. అక్కడ అందరికీ అదే పరిస్థితి, ఎవరూ ఎవరి వంకా చూడరు. కాసేపు నడిస్తే తగ్గింది. పెరుగన్నం తిన్నాను. ఆ రోజంతా బండి నడపకూడదు, కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు అని రాసిచ్చారు. గ్యాసు పొయ్యి దగ్గరకి వెళ్ళకూడదు అని నా సొంతంగా కలిపి మావారికి చదివి వినిపించాను. నిజానికి ఆ మత్తులో వేడినూనె ముందు నిలబడడం మంచిది కాదు కూడా. విపరీతమైన కడుపునొప్పి, జ్వరం, ఎక్కువ రక్తం, ఈ మూడింటిలో ఏది వచ్చినా వెంటనే రమ్మన్నారు. పేగుకి చిల్లు పడడం లాంటి ప్రమాదం చాలా అరుదు, వెయ్యిమందిలో ఒకరికి కూడా సగటున రాదు. అయినా తెలిసి ఉండాలి.

ఇక నాలుగో భయం. దీనికి మాత్రం అక్క దగ్గరా ఉపాయం లేదు. నాకు ఒక పాలిప్ కనిపించింది. 6 మిల్లీమీటర్లు, కందిగింజంత. తీసేసి పరీక్షకి పంపామన్నారు. రిపోర్టుకి వారం. ఆ వారంలో మా ఇంట్లో అల్మారాలన్నీ కడిగాను, ఆవకాయ జాడీలు మార్చాను, అమ్మాయి పాత పుస్తకాలన్నీ సర్దాను. ఏ పనీ ఆ ఆలోచనని ఆపలేదు. ఆపుతుందని మీకు అబద్ధం చెప్పను. రాత్రి పదయ్యాక అక్కకి ఫోను చేసేదాన్ని, ఇద్దరం ఏదో సీరియల్ గురించి మాట్లాడుకునేవాళ్ళం. రోగం మాట ఎత్తేవాళ్ళం కాదు. అది కూడా ఒక పద్ధతే.

రిపోర్టులో అడినోమా అని వచ్చింది. కాన్సర్ కాదు, వదిలేస్తే కొన్నేళ్ళకి అయ్యే అవకాశం ఉన్న రకం. ఇప్పుడది నా ఒంట్లో లేదు. అక్క జబ్బు దృష్ట్యా అయిదేళ్ళకి మళ్ళీ రమ్మన్నారు. అక్కకి చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "నాకూ ఎవరైనా ముందు చెప్పి ఉంటే బావుండేదే" అంది. దానికి నేనేం జవాబు చెప్పగలను?

అన్నయ్యకి రిపోర్టు కాపీ పంపించాను, వెంట ఉత్తరం ముక్కా, ఉపదేశమూ ఏమీ లేకుండా. పదిహేను రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోను చేశాడు. అదీ ఇదీ మాట్లాడి, పంటలు, వానలు అయ్యాక, "ఏమే, ఆ పొడి నీళ్ళు ఫ్రిజ్‌లో పెట్టినా ఫరవాలేదా?" అన్నాడు. వదినకి ఫోనివ్వమన్నాను. ఆవిడకి ఆవాలు వేయని చారు ఎలా కాచాలో మొదట్నించీ చెప్పడం మొదలుపెట్టాను.